రంగం నుంచి నడిచొచ్చిన మా ముత్తాత, ఇండియానాపొలిస్‌లో గోంగూర

మా ఊరు తాళ్ళరేవు, కోరంగి పక్కనే. ఒకప్పుడు ఈ రేవుల నుంచి ఓడెక్కి బర్మా వెళ్ళినవాళ్ళు ఎంతమందంటే అక్కడ తెలుగువాడు కనబడితే చాలు కోరంగీ అనేవారంట, మనవాళ్ళేమో రంగూన్‌ని రంగం అనేవారు, మా నాన్నమ్మ ఇప్పటికీ అలాగే అంటుంది. మా ముత్తాత రంగం రేవులో బస్తాలు మోశాడు. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది మనవాళ్ళు కట్టుబట్టలతో బయల్దేరారు, ఆయన ప్రోమ్ మీదుగా కొండలు దాటి తౌంగప్ వైపు నడిచిన గుంపులో ఉన్నాడు, దారి పొడుగునా కలరా. కలకత్తాలో ఎవరో సేవా సంఘం వాళ్ళు అన్నం పెట్టి, కట్టుకోడానికి పంచె ఇచ్చి రైలెక్కించారు.

నాన్నమ్మ ఈ కథలో నడక గురించి ఎక్కువ చెప్పదు, ఊరొచ్చాక సంగతే చెప్తుంది. "ఏడాది పాటు అరుగు మీంచి లేవలేదంటమ్మా మావగారు. పడవలు కట్టే మేస్త్రి ఒకాయన రోజూ పొద్దున్నే వచ్చి, రావయ్యా అని చెయ్యట్టుకుని తీసుకెళ్ళేవాడంట." పడవ బల్లల సందుల్లో పీచు కొట్టి కీలు, అంటే తారు, పూసే పని ఆయనే నేర్పాడు. అలా తేరుకున్నారు మావాళ్ళు.

పెళ్ళయ్యాక నేను ఇండియానాపొలిస్ వెళ్ళాను, హెచ్‌ఫోర్ వీసా, ఉద్యోగం చెయ్యడానికి లేదు. అక్కడ బర్మా కొట్లో గోంగూర దొరుకుతుందని ఎవరో చెప్తే వెళ్ళాను, నిజంగానే కట్టలు కట్టలు, వాళ్ళు చిన్ బౌంగ్ అంటారు, ఎండు రొయ్యలేసి వేపుకుంటారు, మన ఇంట్లో వండినట్టే! ఆ ఊళ్ళో బర్మా నుంచి వచ్చిన చిన్ జాతి వాళ్ళు వేలల్లో ఉన్నారని, చాలామంది మలేషియాలో ఏ కాగితాలూ లేకుండా ఏళ్ళ తరబడి దాక్కుని బతికి శరణార్థులుగా వచ్చారని అప్పుడే తెలిసింది. మర్నాడే అలాంటివాళ్ళని ఊళ్ళో కుదురుకునేలా చూసే ఒక రీసెటిల్‌మెంట్ ఏజెన్సీకి వెళ్ళి వాలంటీర్‌గా పేరిచ్చాను. రంగం అన్న మాట చెవిలో పడి పెరిగినదాన్ని, వెళ్ళకుండా ఎలా ఉంటాను.

అమెరికాలో 1980లో రెఫ్యూజీ చట్టం వచ్చింది, నేనున్నప్పుడు డబ్బులో కొంత ప్రభుత్వం ఇచ్చేది కానీ చేతుల్తో చేసే పనంతా ఇలాంటి స్వచ్ఛంద సంస్థలదే. వచ్చే కుటుంబాన్ని ఎయిర్‌పోర్టుకి వెళ్ళి దింపుకోవాల్సి వచ్చేది, వాళ్ళ చేతిలో ఐఓఎం (వలస వెళ్ళేవాళ్ళ ప్రయాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ) అని రాసున్న తెల్ల ప్లాస్టిక్ సంచి ఉండేది, వాళ్ళ జీవితం మొత్తం కాగితాలుగా అందులో ఉండేది. అప్పటికే ఇల్లు అద్దెకి తీసుకుని, మంచాలు దుప్పట్లు గిన్నెలు సర్ది, వాళ్ళు తినే తిండి వేడిగా సిద్ధంగా ఉంచాల్సి వచ్చేది, అది రూల్ అండి, దయ కాదు. తర్వాత సోషల్ సెక్యూరిటీ నంబరు, హెల్త్ చెకప్, పిల్లల్ని స్కూల్లో వెయ్యడం, ఇంగ్లీష్ క్లాసులు. ఈ మొదటి దశ 90 రోజులే. ఇంకో పథకం ఉండేది, మ్యాచింగ్ గ్రాంట్ అనేవాళ్ళు, ప్రభుత్వం ఇచ్చేదానికి సంస్థ తన వంతు విరాళాలు, సామాన్లు, వాలంటీర్ల గంటలు కలిపి చూపించాల్సి వచ్చేది, నేను కూర్చున్న గంటలు కూడా కాగితం మీద రాయించుకునేవాళ్ళు. దాని కింద కుటుంబం 180 రోజుల్లో సొంత జీతం మీద బతకాలి, తర్వాత 240 చేశారు. పైగా విమానం టికెట్ల డబ్బు అప్పే, వడ్డీ లేదు గానీ వచ్చిన ఆర్నెల్లకి కట్టడం మొదలెట్టాలి.

ఆర్నెల్లలో ఏం అవుతుంది చెప్పండి, భాష రాదు, చలి, కారు లేదు.

నాకు అప్పజెప్పిన కుటుంబంలో మొగుడూ పెళ్ళాం, ముగ్గురు పిల్లలు. ఆయనకి గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ దొరికింది, అది కూడా ఏజెన్సీలో ఉద్యోగాలు చూసే అమ్మాయి కంపెనీ వాళ్ళతో మాట్లాడి, షిఫ్టుకి వాళ్ళ భాష వచ్చినవాడు ఒకడైనా ఉండేలా ఒప్పిస్తేనే. ఉద్యోగం వచ్చింది కదా, రిపోర్టులో సొంత కాళ్ళ మీద నిలబడ్డారు అని రాసేశారు. ఆ నెలలోనే పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది, పిల్లల మెడికల్ కవరేజీ రెన్యువల్ ఫారం, అది యాడ్ కాగితం అనుకుని ఆవిడ పక్కన పడేసింది, కవరేజీ ఆగిపోయింది, చిన్నోడికి జ్వరం వచ్చిన రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఏజెన్సీ వాళ్ళని తప్పు పట్టలేను, ఒక్కో కేస్ వర్కర్ చేతిలో బోలెడు కుటుంబాలు. కానీ ఆ రాత్రి నుంచి ప్రతి గురువారం వెళ్ళి వాళ్ళ పోస్టంతా నేల మీద పరిచి ఒక్కో కవరూ కలిసి చదివేవాళ్ళం, ఇది బిల్లు, ఇది పారెయ్యి, ఇది గడువు ఉన్నది ఎర్ర పెన్నుతో గీత గియ్యి. ఎనిమిది నెలలు. మంచాలు, దుప్పట్లు ఎవరైనా ఇస్తారు, ఎనిమిది నెలల గురువారాలకి మాత్రం ఏ గ్రాంటూ డబ్బివ్వదు. తొమ్మిదో నెలలో నేను వెళ్ళేసరికి కవర్లు అప్పటికే మూడు కుప్పలుగా వేసి ఉన్నాయి, ఆవిడ కాఫీ పెట్టి కూర్చుంది.

మన పక్కనే చెన్నైలో కూడా ఇలాంటిదే ఉంది, శ్రీలంక నుంచి వచ్చిన శరణార్థుల కోసం 1984లో చంద్రహాసన్ గారు మొదలెట్టిన ఆఫర్ (OfERR) అనే సంస్థ, శరణార్థులే శరణార్థుల కోసం నడుపుతారు. శరణార్థుల హక్కుల గురించి దేశాలు చేసుకున్న 1951 రెఫ్యూజీ ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, అలాంటి చోట కూడా క్యాంపుల్లో పిల్లల చదువు ఆగకూడదని పట్టుబట్టి కూర్చున్నారు వాళ్ళు. పడ్డవాడికి ఎక్కడ నొప్పో ఇంకో పడ్డవాడికే బాగా తెలుస్తుంది అనిపిస్తుంది నాకు.

మేం 2019లో తిరిగొచ్చేశాం. 2025 జనవరిలో అమెరికాలో శరణార్థుల్ని తీసుకోవడమే ఆపేశారు, టికెట్లు చేతిలో ఉన్నవాళ్ళ ప్రయాణాలు కూడా రద్దయ్యాయి, నేను పనిచేసిన ఆఫీసులో చాలామందిని తీసేశారు. ఆ వార్త చదివి రెండ్రోజులు అన్నం సయించలేదు.

నాకు అప్పజెప్పిన కుటుంబంలో ఆవిడ మాత్రం వాట్సాప్‌లో ఉంది. ఇప్పుడు కారు నడుపుతుంది, శనివారాలు చర్చి హాల్లో తన తర్వాత వచ్చిన నాలుగు కుటుంబాల పోస్టు ముందేసుకుని కూర్చుంటుందంట, ఫొటో పెట్టింది, టేబుల్ మీద ఎర్ర పెన్ను. నాన్నమ్మకి చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "రంగం పిల్లేనా?" అంది. అవునన్నాను. "గోంగూర పచ్చడి పంపించే వీలుందేమో కనుక్కో" అంది.