ఏడొందల టన్నుల బొగ్గు ఎటుపోయింది?

70 వేల టన్నుల బొగ్గును తూచే తక్కెడ ఎక్కడుంటుంది? బొగ్గు మోసుకొచ్చిన ఓడే ఆ తక్కెడ. సరుకు దించకముందు నీళ్లలో ఎంత మునిగిందో, దించాక ఎంత తేలిందో చూసి లెక్క కడతారు. దీన్ని డ్రాఫ్ట్ సర్వే అంటారు. విశాఖ రేవులో ఈ సర్వేలు చేసే ఒక చిన్న సంస్థకు ఫోన్‌లో వాడే యాప్ రాసిచ్చే పని నాకు దొరికింది. అంతకుముందు నేను రాసినవన్నీ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లే. ఫార్ములాలు నాలుగైదే కదా, రెండు వారాల్లో ఇచ్చేద్దామనుకున్నాను. ఐదు నెలలు పట్టింది.

మొదటి రోజు హెల్మెట్, సేఫ్టీ బూట్లు వేయించి సర్వేయర్ గారు నన్ను ఇన్నర్ హార్బర్‌లోని ఓడ దగ్గరికి తీసుకెళ్లారు. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. ఓడ ముందు, మధ్య, వెనుక, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల, ఓడ ఎంత లోతు మునిగిందో చెప్పే అంకెలు చూడాలి. బెర్తు వైపువి గట్టు మీంచే కనిపిస్తాయి. అవతలి వైపువి చూడాలంటే చిన్న పడవలో వెళ్లాలి. ఒక్కో అంకె 10 సెంటీమీటర్ల ఎత్తు. అల అంకె కింద నుంచి నడుం దాకా లేచి మళ్లీ జారుతుంటే ఆయన కళ్లార్పకుండా చూసి "పదమూడు నలభై రెండు" అన్నారు, అంటే 13.42 మీటర్లు. నాకైతే నలభై ఆరులా అనిపించింది. పనామాక్స్ సైజు (పనామా కాలువ పాత లాకుల్లో పట్టేంత) ఓడకి ఒక్క సెంటీమీటరు అంటే సుమారు 67 టన్నులు. అంటే నా కంటికీ ఆయన కంటికీ మధ్య పది లారీల బొగ్గు! ఓడ కిరాయి, థర్మల్ ప్లాంటు వాళ్ల కొనుగోలు బిల్లు ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి.

ఆఫీసులో ముచ్చటపడి చేసిన స్క్రీన్ ఆ ఎండలో అసలు కనిపించలేదు. గ్లవ్స్ వేసుకున్న వేళ్లకి బటన్లు అందలేదు. బొగ్గు మసి పట్టిన అద్దం మీద తొమ్మిది నొక్కితే ఆరు పడింది. ఇంటికొచ్చి రంగులన్నీ తీసేశాను. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అంకెలు, అరంగుళం బటన్లు. మా ఆవిడ చూసి "పిల్లల ఎక్కాల యాప్‌లా ఉంది" అంది. సర్వేయర్ గారికి మాత్రం అదే నచ్చింది.

తర్వాత సాంద్రత దగ్గర దొరికిపోయాను. సముద్రపు నీటికి 1.025 అని ముందే నింపి పెట్టాను, టైపింగ్ మిగులుతుందని. వానాకాలంలో మేహాద్రిగెడ్డ నీళ్లు ఇన్నర్ హార్బర్‌లో కలుస్తాయి, నీరు పలచబడుతుంది. ఆ రోజు బకెట్‌తో నీళ్లు తోడి హైడ్రోమీటర్ వేస్తే 1.018 చూపించింది. ఆ కాస్త తేడాకే 80 వేల టన్నుల మొత్తం బరువు మీద 540 టన్నుల పైచిలుకు మారుతుంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను. కొలిచి రాస్తేనే ముందుకు కదులుతుంది.

అసలు దెబ్బ మూడో ఓడ మీద తగిలింది. ఆయన కాగితం మీద, నేను ఫోన్‌లో, విడివిడిగా చేసి పోల్చుకుంటున్నాం. సరుకు దించకముందు లెక్కలో తేడా 25 టన్నులు. పర్లేదులే అనుకున్నాం. దించాక చూస్తే నా యాప్ ఆయన కన్నా ఏడొందల టన్నులకు పైగా తక్కువ బొగ్గు దిగిందంటోంది.

"ఏటి బాబూ, మిగతాది నీ ఫోన్ మింగేసిందా?" అన్నారు. ఓడ చీఫ్ ఆఫీసర్ ముందే. చెవులు ఎర్రబడ్డాయి.

రాత్రంతా కోడ్ తిరగేశాను. తప్పు కనపడలేదు. పొద్దున్న ఆయనే ఓడ హైడ్రోస్టాటిక్ టేబుల్స్ (ఎంత మునిగితే ఎంత బరువో చెప్పే పట్టికలు) ఫొటో తెరిచి ఒక నిలువు వరసని గోటితో గీశారు. ఓడ ముందుకో వెనక్కో వాలి ఉన్నప్పుడు బరువు లెక్క సవరించడానికి ఎల్‌సీఎఫ్ అనే బిందువు, అంటే ఓడ ఏ చోటు ఆధారంగా ముందుకీ వెనక్కీ వాలుతుందో ఆ చోటు, ఓడ నడిమి నుంచి ఎంత దూరమో తెలియాలి. కొన్ని ఓడల పుస్తకాల్లో ప్లస్ గుర్తుంటే ఆ బిందువు ముందు వైపు ఉన్నట్టు, కొన్నిటిలో వెనుక వైపు ఉన్నట్టు. ఇంకొన్నిట్లో నడిమి నుంచి కాదు, వెనుక చివర నుంచే కొలుస్తారు. నేనేమో ప్లస్ అంటే ముందే అని రాసుకున్నాను. మొదటి రెండు ఓడలకీ అదే సరిపోయింది మరి.

నిండుగా ఉన్నప్పుడు ఓడ వెనక్కి 20 సెంటీమీటర్లే వాలింది, కాబట్టి తప్పు కూడా చిన్నదే. ఖాళీ అయ్యాక వాలు 2.4 మీటర్లు. నిండు ఓడ లెక్కలో కలపాల్సింది తీసేసి, ఖాళీ ఓడ లెక్కలో తీసేయాల్సిన 352 టన్నుల్ని కలిపేసింది నా యాప్. ఒక్క గుర్తు తిరగబడితే దెబ్బ రెట్టింపవుతుందని స్కూల్లోనే చెప్పారు కానీ, ఇంత బొగ్గుతో చెప్పలేదు.

అప్పట్నుంచి కొత్త ఓడ వివరాలు ఎక్కించేటప్పుడు యాప్ ప్లస్, మైనస్ అడగదు. ఓడ బొమ్మ చూపించి, ఆ బిందువు ఎటువైపుందో వేలితో నొక్కమంటుంది. టేబుల్ పేజీ ఫొటో కూడా పక్కనే ఉండాలి. ఇంకో ఎనిమిది ఓడలకి జంట లెక్కలు నడిపాం. చివరి ఐదింటికీ రెండు లెక్కలూ టన్నుతో సహా కలిశాయి. అప్పుడు గానీ సంస్థ వాళ్లు మిగతా డబ్బు చేతికివ్వలేదు.

ఇప్పుడు ఆయన ఫోన్‌లోనే చేస్తున్నారు. రిపోర్టు అక్కడే ప్రింట్ తీసి, చీఫ్ ఆఫీసర్ చేత సంతకం పెట్టించి, ఓడ స్టాంపు వేయించుకుంటారు. చొక్కా జేబులో పాత క్యాలిక్యులేటర్ మాత్రం అలాగే ఉంది. అడిగితే, "బ్యాటరీ అయిపోతేనో?" అంటారు. ఆ క్యాలిక్యులేటర్‌కీ బ్యాటరీయే.