గట్టు మీద మిగిలిన ఇనుము

ఈ ఏడాది మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున స్టార్టర్ బటన్ నొక్కితే మోటారు పలకలేదు. కరెంటు పోయిందేమోనని గట్టు మీద కూర్చున్నాను. గాలి మళ్లగానే నూనె వాసన వచ్చింది. వెళ్లి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద లేదు, కింద బోర్లా పడి ఉంది. లోపలి ఇనుప రేకులను గట్టు మీద పారేసి, రాగి చుట్టలు మాత్రం పట్టుకుపోయారు. నూనె మా మరిది మడిలోకి కారి, పొట్ట మీదున్న వరి మొదళ్లలో తేలుతోంది.

అది 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. దాని కింద ఐదు మోటార్లు, పద్నాలుగు ఎకరాల వరి. అందులో మూడెకరాలు నావి. మా ఆయన పోయాక ఆరేళ్లుగా నేనే సాగు చేస్తున్నాను.

ఆ రాత్రి 11 కేవీ (11 వేల వోల్టుల) లైనులో కరెంటు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే కరెంటును ఆపే ఏబీ స్విచ్ దించకుండా ఆ డబ్బా మీద చేయి వేసినవాడు బతకడు. వాళ్లు స్విచ్ దించారు, నూనె వదిలేశారు, బోల్టులు విప్పారు. ఆకలితో నాలుగు కంకులు కోసుకుపోయినవాడిని నేను క్షమిస్తాను. ఇది పని తెలిసినవాళ్లు కావాలని చేసింది.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, "ట్రాన్స్‌ఫార్మర్ మీది కాదు కదమ్మా, కరెంటు వాళ్లు వచ్చి ఫిర్యాదు ఇవ్వాలి" అన్నారు. కరెంటు ఆఫీసులో, "ముందు పోలీసు కాగితం తెండి" అన్నారు. ఇలా రెండు రోజులు తిరిగాం. మూడో రోజు మా అమ్మాయి ఫోనులో చట్టం తీసి చదివి వినిపించింది. కరెంటు తీగలు, సామగ్రి దొంగిలిస్తే 2003 నాటి విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. రెండోసారి దొరికితే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల వరకు. పోలీసులు కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం నమోదు చేయాలి, దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఈసారి కేసు రాశారు.

కొత్తది బిగించేసరికి పదకొండు రోజులైంది. అద్దె జనరేటరుతో రెండు తడులే పెట్టగలిగాం. మడి నెర్రెలు విచ్చింది, వెన్నులు సగం తాలు పోయాయి. నిరుడు ఎకరాకు 26 క్వింటాళ్లు వస్తే ఈసారి 17. ఆ రాగి దొంగకు ఎన్ని వేలు తెచ్చిందో నాకు తెలియదు. మా ఐదిళ్లకు మాత్రం పంటలో మూడో వంతు తరిగిపోయింది.

ఊళ్లో అందరూ దొంగను తిడతారు. నా కోపం కొనేవాడి మీద కూడా. కాల్చి నల్లబడిన రాగి కిలోల కొద్దీ తక్కెడ మీదకు వస్తే అది ఎక్కడిదో తెలియదంటే నేను నమ్మను. దొంగసొత్తని తెలిసి కొనడమూ నేరమేనని, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ చెబుతోంది. పొలాల వెంట గస్తీ తిరగడం మంచిదే. దాంతోపాటు పాత సామాన్ల దుకాణాల్లో ఎవరి దగ్గర ఏం కొన్నారో రాసిన పుస్తకం అడిగి చూడాలి. రాగిని కొనేవాడే లేకపోతే చీకట్లో ఆ స్తంభం ఎక్కేదెవరు?

ఇప్పుడు మోటారు కేబుల్‌ను గొట్టంలో వేసి భూమిలో పాతాం. లైన్‌మన్‌ను అడిగి ట్రాన్స్‌ఫార్మర్ మూత బోల్టులకు వెల్డింగ్ పెట్టించాం. రాత్రి కాపలాకు వంతులు వేసుకున్నాం. మొదటి జాబితాలో నా పేరు లేదు.

"మీరెందుకు వదినా, పాములు తిరుగుతుంటాయి" అన్నాడు మరిది.

"నీ మడి పక్కనే నాదీ ఎండింది కదా" అన్నాను.

మంగళవారం, శుక్రవారం నాకు రాశారు. మరిది కొడుకు తోడు వస్తాడు. మొన్న శుక్రవారం రాత్రి రెండు గంటలప్పుడు రోడ్డు మీద ఒక ఆటో లైట్లు ఆర్పి ఆగింది. "పెద్దమ్మా, అటు చూడు" అని వాడు టార్చి వేయగానే కదిలి వెళ్లిపోయింది. నంబరులో చివరి రెండు అంకెలే కనిపించాయి. అవి రాసి స్టేషన్‌లో ఇచ్చి వచ్చాను.