క్లోరిన్ కప్పేసిన బీఓడీ: హాస్టల్ ఎస్‌టీపీ ప్రాజెక్టుతో నా అనుభవం

వైవా నిన్నటితో అయిపోయింది. మరిచిపోకముందే రాసేస్తున్నాను, జూనియర్లకు పనికొస్తుంది.

మా హైదరాబాద్ క్యాంపస్‌లో హాస్టళ్ల మురుగునీటిని ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) శుద్ధి చేసి లాన్లకు పడతారు. ఆ నీళ్లు ఎంత శుభ్రమో తేల్చడమే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. అందులో ముఖ్యమైన కొలత బీఓడీ, అంటే నీటిలోని మురికిని తినే బ్యాక్టీరియా ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందన్న అంకె. అది ఎంత ఎక్కువైతే నీళ్లు అంత మురికి. రెండోది సీఓడీ, అదే మురికిని బ్యాక్టీరియాతో కాకుండా రసాయనంతో ఆక్సీకరించి కొలిచేది. టాపిక్, గైడ్ సంతకం, గ్లాస్‌వేర్ అన్నీ సాఫీగా దొరికాయి. సీఓడీకి కావాల్సిన సిల్వర్ సల్ఫేట్ ధర చూసి స్టోర్‌వాళ్లు నాన్చుతారు కాబట్టి, దాని ఇండెంట్ మాత్రం సెమిస్టర్ మొదటి వారంలోనే పడేయండి.

నా కోపమంతా ఎస్టేట్ ఆఫీసు మీద. ఎస్‌టీపీ గేటు దాటాలంటే వాళ్ల అనుమతి కావాలి. "పేపర్లో వేయిస్తారా ఏంది?" అన్నది మొదటి ప్రశ్న. చివరికి ఒప్పుకున్నారు గానీ రెండు షరతులు పెట్టారు. శాంపిల్ వాళ్ల మనిషే పట్టి ఇస్తాడు, అదీ గురువారం మాత్రమే.

గురువారం అంటే ఏమిటో బీఓడీ చేసినవాళ్లకే తెలుసు. మన దేశంలో భారతీయ ప్రమాణం ఐఎస్ 3025 44వ భాగం ప్రకారం శాంపిల్ సీసాను 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. పాత పుస్తకాల్లోని 5 రోజులు, 20 డిగ్రీల లెక్క మనది కాదు. గురువారం పెట్టిన సీసా ఆదివారం తీయాలి, ఆ రోజు ల్యాబ్‌కి తాళం. పైగా శనివారం సాయంత్రం అటెండర్ వెళ్తూ వెళ్తూ మెయిన్ ఆఫ్ చేస్తే, ఎండాకాలంలో ఇంక్యుబేటర్ లోపల 35 దాటుతుంది. సోమ, మంగళవారాలే సురక్షితం. బుధవారమూ ఫర్వాలేదు, రెండో శనివారం అడ్డు రాకపోతే. లోపల మిన్-మ్యాక్స్ థర్మామీటర్ ఒకటి పెట్టండి. కరెంటు పోయిందో లేదో అదే చెబుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

శాంపిల్‌ను పలచన చేసే డైల్యూషన్ వాటర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి ఫాస్ఫేట్ బఫర్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాలు ఒక్కో ఎంఎల్ వేసి, గాలి బాగా పట్టించాలి. మూడు రోజుల్లో బ్లాంక్‌లో (శాంపిల్ కలపని సీసాలో) ఆక్సిజన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ తగ్గితే ఆ బ్యాచ్ పారబోయండి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతీ అంతే. 300 ఎంఎల్ సీసాలో బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ-అయొడైడ్-అజైడ్ పోస్తే గోధుమరంగు అవక్షేపం రావాలి. తెల్లగా వచ్చిందంటే ఆక్సిజన్ లేదన్నమాట. ఆమ్లంతో కరిగిస్తే ఆక్సిజన్‌కి తగ్గ అయొడిన్ విడుదలవుతుంది, దాన్ని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేసి కొలవాలి. థయో నిలవుంటే బలం తగ్గుతుంది, డైక్రోమేట్‌తో మళ్లీ మళ్లీ స్టాండర్డైజ్ చేసుకోవాలి. సీసా మూత చుట్టూ పోసిన నీటి సీల్ మూడు రోజుల్లో ఆవిరైపోతుంది, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టండి.

ఇక అసలు బాధ.

వాళ్లు పట్టి ఇచ్చిన నీటికి బీఓడీ 2 కూడా దాటలేదు (బీఓడీ, సీఓడీ, ఆక్సిజన్ అంకెలన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో). అదే నీటికి సీఓడీ 110. డిపార్ట్‌మెంట్ రివ్యూలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే, కమిటీలో ఒకాయన "ఏ అంకె ఇంట్లో కూర్చుని రాశావమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. శుద్ధి అయిన మురుగునీటిలో సీఓడీ బీఓడీకి మూడు నాలుగు రెట్లు ఉండటం మామూలే గానీ, యాభై రెట్లంటే నమ్మరు. నమ్మకూడదు కూడా. కానీ అనుమానం వస్తే బ్యూరెట్ చూడాలి, మనిషి ముఖం కాదు. రికార్డు తెరవమని ఒక్కరూ అడగలేదు.

రికార్డులోనే ఆధారం ఉంది. డైల్యూట్ చేయని ఆ శాంపిల్‌లో మొదటి రోజు ఆక్సిజన్ 8.9 వచ్చింది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, 27 డిగ్రీల దగ్గర ఇక్కడ నీళ్లు పట్టుకోగలిగేది 7.5 దగ్గర. ఎండ తగలని పైపులోంచి వచ్చిన నీటికి 8.9 ఎక్కడిది? క్రిములను చంపడానికి నీటిలో కలిపే క్లోరిన్‌ది. మిగులు క్లోరిన్ కూడా అయొడైడ్ నుంచి అయొడిన్‌ను విడుదల చేస్తుంది, వింక్లర్ దాన్నీ ఆక్సిజన్ ఖాతాలో వేసేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఆ క్లోరిన్ సీసాలోని బ్యాక్టీరియాను చంపేస్తుంది. తినేవాడు లేకపోతే విస్తరి ఖాళీ అవుతుందా? బీఓడీ సున్నా దగ్గర నిలబడుతుంది. వచ్చిన ఆ కాస్త తేడా కూడా మూడు రోజుల్లో క్లోరిన్ విరిగిపోవడం వల్ల వచ్చిందే.

ఎస్‌టీపీ ఆపరేటర్ మంచివాడు. అన్నా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. క్లోరిన్ కొద్దికొద్దిగా కలిపే డోసింగ్ పంపు ఎప్పుడో పాడైంది, శాంపిల్ ఇచ్చే రోజు పొద్దున్నే హైపో (సోడియం హైపోక్లోరైట్, క్లోరిన్ ద్రావణం) క్యాన్ నేరుగా ట్రీటెడ్ ట్యాంకులో పోయమని పైనుంచి మాట.

చేయాల్సింది ఇది. కుళాయి దగ్గరే క్లోరోస్కోప్‌తో మిగులు క్లోరిన్ చూసి రాసుకోండి, ల్యాబ్‌కి తెచ్చేలోపు తగ్గిపోతుంది. తర్వాత 100 ఎంఎల్ శాంపిల్‌కి సగానికి సగం నీళ్లు కలిపిన అసిటిక్ యాసిడ్ 1 ఎంఎల్, 10 శాతం పొటాషియం అయొడైడ్ 1 ఎంఎల్ వేసి, స్టార్చ్ పెట్టి, 0.025 నార్మల్ సోడియం సల్ఫైట్‌తో నీలం పోయేదాకా టైట్రేట్ చేయాలి. ఆ లెక్కన అసలు శాంపిల్‌కి సల్ఫైట్ కలిపి, 10 నుంచి 20 నిమిషాలు ఆగి, క్లోరిన్ లేదని మళ్లీ చూసుకోవాలి. కాస్త ఎక్కువే వేద్దామనుకోకండి, మిగిలిన సల్ఫైట్ తానే ఆక్సిజన్ తాగి బీఓడీని పెంచేస్తుంది. లీటరుకి 1.575 గ్రాములతో ఆ ద్రావణం ఏ రోజుకారోజు చేసుకోవాలి, నిన్నటిది పనికిరాదు.

చచ్చిన బ్యాక్టీరియా తిరిగి రాదు కాబట్టి సీడ్ (బతికున్న బ్యాక్టీరియా ఉన్న నీరు) కలపడం తప్పనిసరి. ఇన్‌లెట్ మురుగును తేరనిచ్చి పైనున్న నీటిని వాడాను. సీడ్ తాగే ఆక్సిజన్ 0.6 నుంచి 1 మధ్య ఉండేలా చూసుకుని, ఆ మొత్తాన్ని తీసేయాలి. 300 ఎంఎల్ సీసాలో 30 ఎంఎల్ శాంపిల్: మొదట 7.4, మూడో రోజు 3.9, తేడా 3.5. సీడ్ వాటా 0.8 తీసేస్తే 2.7, పది రెట్లు డైల్యూషన్ కనుక 27. తేడా కనీసం 2 ఉండాలి, చివర కనీసం 1 మిగలాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఆ సీసాను లెక్కలోకి తీసుకోవద్దు.

ప్లాంటుకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంట్‌లో (అనుమతి పత్రంలో) బీఓడీ పరిమితి 10. 27 పక్కన సీఓడీ 110 పెట్టాక ఎవరూ నవ్వలేదు.

చాలా కాలేజీల్లో, కాలేజీల నాణ్యత చూసే న్యాక్ కోసం గ్రీన్ ఆడిట్ (పర్యావరణ తనిఖీ) ఫైళ్లు కడుతున్నారు. అందులో బీఓడీ 5 లోపు కనిపిస్తే ముందు అడగాల్సింది క్లోరిన్ తీశారా, సీడ్ వేశారా అని. మొక్కల లెక్క, సోలార్ ప్యానెళ్ల ఫొటోలు తర్వాత.

నా రిపోర్టు కాపీ ఎస్టేట్ ఆఫీసు అడిగింది, మొదటి అంకె ఒక్కటే ఉంచి ఇమ్మంది. క్లోరిన్ తీయక ముందు, తీశాక వచ్చిన రెండూ, శాంపిల్ పట్టిన చోటు, గంటతో సహా ఉన్న కాపీనే ఇచ్చి రసీదు తీసుకున్నాను. మీరూ రసీదు లేకుండా ఇవ్వకండి.

ఇంకొకటి, సీఓడీ చేశాక మిగిలే ద్రావణంలో మెర్క్యురీ, క్రోమియం, వెండి ఉంటాయి. సింకులో పోస్తే అది చేరేది మనం పరీక్షిస్తున్న ఆ ఎస్‌టీపీకే. క్యాన్లో పట్టి, పేరు, తేదీ రాసి, ప్రమాదకర వ్యర్థాల కింద పంపమని డిపార్ట్‌మెంట్‌కి లెటర్ పెట్టండి.