మా వోర్ట్‌ను మురుగునీటి ఖాతాలో రాశారు

నిన్న సాయంత్రం లాగర్ బీరు ట్యాంకులో గ్రావిటీ, అంటే రసంలో ఇంకా మిగిలిన చక్కెర లెక్క, 2.6 ప్లేటోకు (దాన్ని కొలిచే ప్రమాణం) దిగింది. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని తిట్టుకోవచ్చు.

నేను గచ్చిబౌలి వైపు ఒక మైక్రోబ్రూవరీలో బీరు తయారుచేస్తాను. 2015లో తెలంగాణలో వీటికి నిబంధనలు వచ్చాక పుట్టిన ఉద్యోగం. మా ఇంట్లో మాత్రం బంధువులకు ఇప్పటికీ "ఏదో ఫుడ్ కంపెనీ" అనే చెబుతారు. కొంతకాలంగా మా లాగర్ మొండికేసింది. 12 ప్లేటోతో మొదలైన వోర్ట్, అంటే మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వేడి నీటిలో నానబెట్టి వడకట్టిన తీపి రసం, 3 కంటే కిందికి దిగాలి. అది 5 దగ్గర చతికిలబడేది. రుచి చూస్తే పచ్చి ఆపిల్ వాసన, దాని వెనకే వెన్న వాసన.

ఈ రెండు వాసనలూ ఊరికే రావు. పచ్చి ఆపిల్ వాసన అసిటాల్డిహైడ్‌ది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మార్చేటప్పుడు చివరి మెట్టుకు ముందు తయారయ్యేది ఇదే. ఆ చివరి మెట్టు దాటించే ఎంజైమ్ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్. దాని నిర్మాణంలోనే జింకు ఉంటుంది. జింకు అందకపోతే ఆ ఎంజైమ్ పని కుంటుపడుతుంది. వెన్న వాసన డయాసిటైల్‌ది. దిట్టంగా ఉన్న ఈస్ట్ చివర్లో దాన్ని తిరిగి లోపలికి పీల్చుకుంటుంది, నీరసించినది వదిలేస్తుంది.

మామూలుగా అనుమానించేవన్నీ ఒక్క రోజులో తేలిపోయాయి. ఉష్ణోగ్రత సరిగ్గానే ఉంది, ఆక్సిజన్ సరిపోయింది. ఈస్ట్‌కు మెథిలీన్ బ్లూ వేసి మైక్రోస్కోపు కింద చూశాను. చచ్చిన కణాలకు నీలం ఎక్కుతుంది, బతికినవి రంగు లేకుండా ఉంటాయి. నూటికి తొంభైకి పైగా రంగు ఎక్కనివే. బతికే ఉన్నాయి, పని మాత్రం చేయడం లేదు.

ఇంకో ఆధారం కూడా ఉంది. కొత్త ఈస్ట్ ప్యాకెట్ విప్పినప్పుడు బీరు చక్కగా దిగేది. ట్యాంకు అడుగున పేరిన అదే ఈస్ట్‌ను తీసి మళ్ళీ వాడితే ఒక్కో తరానికీ బద్ధకం పెరిగేది. ప్యాకెట్ ఈస్ట్ తయారైన చోటే ఖనిజాలు మేసి, లోపల దాచుకుని వస్తుంది. మా దగ్గర అది తాతల ఆస్తిలా తరానికింత కరిగిపోతోంది.

ఎందుకంటే ఆరు నెలల కిందట మా యజమాని ఆర్.ఓ. ప్లాంటు పెట్టించారు. అంతకు ముందు మంజీరా నీళ్ళు వచ్చిన రోజు ఒక బీరు, ట్యాంకరు వచ్చిన రోజు ఒక బీరు, బోరు నీళ్ళ రోజు మరొక బీరు అయ్యేది. బోరు నీటిలో కాఠిన్యం, బైకార్బొనేట్ ఎక్కువ. దానితో మాష్ (వేడి నీటిలో నానుతున్న మాల్ట్) పి.హెచ్. పెరిగి, మాల్ట్ పొట్టు వగరు బీరులోకి దిగేది. ఆర్.ఓ. నీటిలోని ఖనిజాలను దాదాపు అన్నీ లాగేస్తుంది కాబట్టి ఆ పీడ వదిలింది. అదే ఊపులో పాత జి.ఐ. పైపులన్నీ పీకించి స్టీలు వేయించారు. జి.ఐ. పైపు అంటే ఇనుము మీద జింకు పూత. ఆ పూత ఇన్నేళ్ళూ కొంచెం కొంచెంగా కరుగుతూ మా ఈస్ట్‌కు ఉచితంగా భోజనం పెట్టిందని నా గట్టి అనుమానం.

ఆర్.ఓ. నీటికి ఏమేం కలపాలో నాకు ముందే తెలుసు. కాల్షియం కోసం జిప్సం, కాల్షియం క్లోరైడ్ మొదటి రోజు నుంచీ వేస్తున్నాను. కాల్షియం మాష్ పి.హెచ్.ను దించుతుంది, పిండిని చక్కెరగా విరిచే ఆల్ఫా అమైలేజ్ ఎంజైమ్‌ను వేడి నుంచి కాపాడుతుంది, చివర్లో ఈస్ట్ గుత్తులు కట్టి అడుగుకు చేరడానికీ అదే కావాలి. జిప్సంలోని సల్ఫేట్ హాప్స్ (బీరులో చేదు కోసం వేసే పువ్వులు) చేదును పదునెక్కిస్తుంది, క్లోరైడ్ నోటికి నిండుదనం ఇస్తుంది. మెగ్నీషియం మాల్ట్‌లోనే కావలసినంత ఉంటుంది. జింకు విషయం వేరు. గింజలో ఉన్నా అందులో చాలా భాగం పిప్పితోనే బయటకు పోతుంది. వోర్ట్‌లోకి దిగిన కాస్తలో మరికొంత మరిగించినప్పుడు మడ్డిలో చిక్కుకుంటుంది. మాది బియ్యం కలిపిన లాగర్ కాబట్టి మాల్ట్ నుంచి వచ్చేదే తక్కువ.

ఇదంతా మా యజమానికి చెప్పాను. ఆయన వేరే ఊరి నుంచి ఒక కన్సల్టెంట్‌ను పిలిపించారు. ఆ మహానుభావుడు వచ్చి, కుర్రాళ్ళందరి ముందు మా డ్రెయిన్ దగ్గర వంగి వాసన చూసి, "శుభ్రత లేదు" అని తేల్చాడు. తర్వాత ఎప్సమ్ సాల్ట్ వేయమన్నాడు. అంటే మెగ్నీషియం, మాకు ఉన్నదే! భోజనం చేసి, ఫీజు పుచ్చుకుని విమానం ఎక్కాడు. బీరు 5 దగ్గరే ఉంది. కన్సల్టెంట్‌ను పిలిచే ముందు అతను మైక్రోస్కోపు అడుగుతాడో లేదో కనుక్కోండి. అడగని మనిషికి టిఫిన్ కూడా దండగ.

సరే, ఋజువు కావాలి కదా. వోర్ట్‌లో జింకు ఎంతుందో కొలిపించాలి. అసలు కథ ఇక్కడ మొదలైంది.

ఉప్పల్ వైపు ఒక పరీక్షల ల్యాబ్‌కు పొద్దున్నే రెండు సీసాలు పట్టుకెళ్ళాను. ఒకదానిలో ఆర్.ఓ. నీరు, ఇంకోదానిలో ఈస్ట్ వేయకముందే తీసి చల్లార్చిన వోర్ట్. కౌంటర్‌లో ఆయన రెండో సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "మూత్ర పరీక్షలు ఇక్కడ చేయరండీ, పక్క వీధిలో డయాగ్నొస్టిక్ ఉంది" అన్నాడు. నా వెనక వరసలో అపార్ట్‌మెంట్ల బోరు నీళ్ళు పట్టుకొచ్చినవారు అరడజను మంది ఉన్నారు.

"ఇది వోర్ట్ అండీ. బీరుకు ముందు దశ."

"బీరా? అయితే ఎక్సైజ్ వారి లేఖ కావాలి."

"ఇందులో ఆల్కహాలు లేదు. ఈస్ట్ ఇంకా వేయలేదు."

"బీరు అన్నారుగా?"

"బీరు అవుతుంది అన్నాను."

ఆయన మూత తీసి వాసన చూశాడు. నమ్మకం కుదరక లోపలి నుంచి అటెండర్‌ను పిలిచాడు. అతనూ చూశాడు. అటుగా వెళ్తున్న మరొకాయన కూడా ఆగి ముక్కు పెట్టాడు. వెనక నుంచి ఒక పెద్దమనిషి, "పొద్దున్నే మొదలుపెట్టేశారా సార్?" అన్నాడు. వరసంతా నవ్వింది. ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్నాను, చేతిలో కెమిస్ట్రీ డిగ్రీ ఉంది. అక్కడ మాత్రం సీసా పట్టుకుని నిలబడ్డ తాగుబోతును.

చివరకు ఫారం తీశాడు. అందులో మూడే గడులు: తాగునీరు, ఆహార పదార్థం, వ్యర్థజలం. ఆహార పదార్థం అంటే లేబులు, బ్యాచ్ నంబరు, యజమాని సంతకం కావాలట. తాగునీరు అనడానికి రంగు ఒప్పుకోదు. "మీరు డబ్బు కట్టేయండి, నేను చూసుకుంటాను" అని రసీదు చేతిలో పెట్టాడు. రసీదు మీద ఏదో కోడ్ తప్ప మరేమీ లేదు.

రిపోర్టు నాకు రాలేదు, బిల్లు మా యజమాని పేరు మీద ఉండటంతో నేరుగా ఆయనకే వెళ్ళింది. రాత్రి పదిన్నరకు ఫోను. "మనం జనం చేత ఏం తాగిస్తున్నామయ్యా?" గొంతు వణుకుతోంది.

పొద్దున్న చూశాను. నీటి రిపోర్టు సంగతి సరే. వోర్ట్‌కు ఇచ్చిన కాగితం పైన "వ్యర్థజలం" అని ఉంది. కింద కాలుష్య ప్రమాణాలతో పోలిక. బి.ఓ.డి. (నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేయడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడని చోట ఐదంకెల సంఖ్య. సి.ఓ.డి. (అదే పని రసాయనాలతో చేయించినప్పుడు పట్టే ఆక్సిజన్) 250 మించకూడని చోట లక్ష దాటింది. రెండింటి పక్కనా ఎర్ర అక్షరాలతో "పరిమితికి మించినది, బయటకు వదలరాదు". లీటరుకు నూరు గ్రాములకు పైగా చక్కెరలున్న రసంలో సి.ఓ.డి. లక్ష కాక ఎంత ఉంటుంది? చెరకు రసం ఇచ్చినా అదే వస్తుంది. ఇక నేను వెళ్ళిన పని, జింకు: పరిమితి 5 మిల్లీగ్రాములు, ఫలితం "0.5 కంటే తక్కువ", అభిప్రాయం "సంతృప్తికరం".

ఆ "సంతృప్తికరం" దగ్గర నాకు నిజంగా కన్నీళ్ళు వచ్చాయి. ఈస్ట్‌కు కావలసింది లీటరుకు 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాములు. 0.5 కింద ఏమున్నా వాళ్ళ లెక్కలో ఒకటే. నా జబ్బంతా ఆ గీత కిందే ఉంది. ఆర్.ఓ. నీటి రిపోర్టులోనూ అదే వరస, ఎందుకంటే తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500లో కూడా జింకుకు పై హద్దే ఉంటుంది: 5, వేరే నీరు దొరకనప్పుడు 15. ఈ దేశంలో ఏ ఫారం చూసినా ఎక్కువైందా అని అడిగే గడి ఉంటుంది, తక్కువైందా అని అడిగేది ఉండదు. మనుషుల రక్తపరీక్షలకు రెండు హద్దులూ రాస్తారు. ఈస్ట్‌కు మాత్రం ఆ భాగ్యం లేదు.

అదే ల్యాబ్‌కు ఫోను చేసి అరిచాను. అరిచినందుకు చింత లేదు, ఎందుకంటే లైను లోపలి గదిలోని ఒక కెమిస్ట్ అమ్మాయికి కలిపారు. ఐదు నిమిషాల్లో తేల్చేసింది. "సార్, మీరు ఐ.సి.పి.-ఎం.ఎస్. (అతి తక్కువ లోహాన్ని కూడా కొలిచే పద్ధతి) అని పేరు పెట్టి అడగాలి. ముందు ఆమ్లంలో ఉడికించి చక్కెరంతా పోగొట్టమని ఫారం మీద రాయించండి. ఎంత తక్కువ వరకు కొలవగలరో డబ్బు కట్టకముందే అడగండి. సీసాకు రబ్బరు బిరడా వద్దు, రబ్బరులో జింకు ఆక్సైడ్ ఉంటుంది. చేతికి రబ్బరు తొడుగులు కూడా వేసుకోకండి." ఈ చివరి రెండు మాటలకు ఆ అమ్మాయిని మా యజమాని కంటే ఎక్కువ జీతమిచ్చి పెట్టుకోవాలి. కౌంటర్‌లో కూర్చోబెట్టాల్సిన మనిషిని వెనక గదిలో కూర్చోబెడతారు.

ఈసారి యజమాని సంతకంతో, ఆహార పదార్థం గడిలో. ఫలితం లీటరుకు 0.04 మిల్లీగ్రాములు.

ఇక మిగిలింది చిన్న లెక్క. 0.2కు చేర్చాలంటే లీటరుకు 0.16 తక్కువ. మా ట్యాంకు 1000 లీటర్లు, అంటే 160 మిల్లీగ్రాముల జింకు. ఏడు నీటి అణువులున్న జింక్ సల్ఫేట్‌లో జింకు 22.7 శాతం. వెరసి 0.7 గ్రాము. కన్సల్టెంట్ ఫీజు, ఎర్ర అక్షరాలు, వరసలో నవ్వులు అన్నీ ముప్పావు గ్రాము కూడా లేని ఉప్పు కోసం!

బేగంబజార్‌లో అడిగితే మొదట పొలానికి వేసే సంచి చూపించారు. దాన్ని తాకకండి. ఎరువు రకంలో సీసం, కాడ్మియం వంటివి ఉండవచ్చు. ఆహారానికో మందులకో పనికొచ్చే రకం, సీసం ఎంతుందో రాసిన పత్రంతో సహా తీసుకోండి. అరకిలోకు తక్కువ ఇవ్వలేదు. మిర్యాలగూడలో వరి వేసే మా బాబాయికి ఫోనులో చెబితే పడీ పడీ నవ్వాడు. "ఒరేయ్, మేము ఎకరాకు ఇరవై కిలోలు చల్లుతాం. ఆకు మీద తుప్పు మచ్చలు చూసి జింకు లోపమని పదో తరగతి తప్పినవాడు కూడా చెబుతాడు. దానికి మీరు విమానంలో మనిషిని తెప్పించుకున్నారా?" జవాబు చెప్పలేకపోయాను.

0.7 గ్రాము తూచడానికి కంసాలి త్రాసు అక్కర్లేదు. 7 గ్రాములు తూచి, మరిగించి చల్లార్చిన ఒక లీటరు నీటిలో కరిగించాను. ట్యాంకుకు 100 మిల్లీలీటర్లు. మరిగే కెటిల్‌లో వేస్తే మళ్ళీ మడ్డి పాలవుతుందని, చల్లారిన వోర్ట్ ట్యాంకులోకి వెళ్ళేటప్పుడు ఈస్ట్‌తో పాటే కలిపాను. మర్నాటికల్లా బుడగలు మొదలయ్యాయి. అద్దంలోంచి చూస్తే నురగ గట్టిగా, మీగడ కట్టినట్టు లేచింది. గ్రావిటీ ఎక్కడా ఆగలేదు. చివర్లో 18 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే వెన్న వాసన కూడా పోయింది. పచ్చి ఆపిల్ అసలు రాలేదు. లవణం వేయడం ఇష్టం లేనివారికి ఇంకో దారి ఉంది: పాత ఈస్ట్ ముద్దను కెటిల్‌లో వేసి మరిగిస్తే దానిలోని ఖనిజాలు కొత్తదానికి అందుతాయి. జర్మనీలో 1516 నాటి శుద్ధత నియమం వారసత్వం వల్ల జింకు లవణం కలపనివ్వరు. అక్కడివారు ఇలాంటి తంటాలే పడతారు. నాకు ఆ నిష్ఠ లేదు.

ఫలితం చూసిన మా యజమాని ఇప్పుడు, "గోధుమ బీరుకు రెండింతలు వేయి, అరటిపండు వాసన ఇంకా బాగా వస్తుంది" అంటున్నారు. జింకు పెరిగితే పండ్ల వాసననిచ్చే ఈస్టర్లు కొంత పెరిగే మాట నిజమే, కానీ వాటితో పాటు ఘాటైన ఆల్కహాళ్ళూ పెరుగుతాయి, మరీ ఎక్కువైతే ఈస్ట్‌కే విషం. అందుకే ఆ అరకిలో డబ్బా తాళం నా దగ్గరే పెట్టుకున్నాను.

వ్యర్థజల పరీక్షకు కట్టిన రుసుము వెనక్కి ఇవ్వమని ల్యాబ్‌కు లేఖ రాశాను. "పరీక్ష సక్రమంగానే జరిగింది" అని జవాబు వచ్చింది. రెండో లేఖ రేపు వేస్తున్నాను, ఎర్ర అక్షరాల కాగితం నకలు జతచేసి.