మంట తగ్గినా భయం తగ్గలేదు

మా పాపకి నాలుగో ఏట యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఈ మాట ఎవరితో అన్నా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "బబుల్ బాత్ చేయిస్తారా?" చేయించేవాళ్లం. అయితే నురుగులో కూర్చుంది, ఇన్ఫెక్షన్ వచ్చింది అన్నంత సూటిగా జరగలేదు. మధ్యలో ఇంకో సంగతి నడిచింది. మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది అదే.

మొదట కనిపించింది మంట ఒక్కటే. పాస్‌కి కూర్చుని రెండు చుక్కలు పడగానే కాళ్లు దగ్గరికి లాక్కుని "మంటమ్మా" అని ఏడ్చేది. కాసేపటికి మళ్లీ వస్తోందనేది, తీసుకెళ్తే వచ్చేది కాదు. జ్వరం లేదు. తిండి మామూలే, ఆటలకీ లోటు లేదు. బట్టలు మార్చేటప్పుడు చూస్తే పాస్ పోసే చోట చుట్టూ ఎర్రగా, ఒరుసుకుపోయినట్టు ఉంది.

మా ఆయన ఇది ఇన్ఫెక్షనే అని తేల్చేశారు. యాంటీబయాటిక్ పడితే రెండ్రోజుల్లో పోతుందన్నారు. పిల్లల డాక్టరు గారు మాత్రం మందు రాయడానికి తొందరపడలేదు. ముందు యూరిన్ కావాలన్నారు, అది కూడా మొదటి ధార వదిలేసి మధ్యలోది.

నాలుగేళ్ల పిల్ల దగ్గర మధ్యలో ధార పట్టడం అంటే మాటలా! నర్సు ఒక ఉపాయం చెప్పింది. "కమోడ్ మీద గోడ వైపు తిప్పి, గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టండి" అని. అలా కూర్చుంటే కాళ్లు వాటంతటవే దూరంగా జరుగుతాయి, ధార చర్మానికి తగలకుండా నేరుగా పడుతుంది. ముందు మామూలు నీళ్లతో కడిగి, నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని, డబ్బా లోపల వేలు తగలకుండా పట్టుకున్నాను. మొదటిసారి అంతా నా చేతి మీదే పడింది. పాప ఏడుపు ఆపేసి నవ్వింది. నీళ్లు తాగించి, కాసేపు ఆడించి, మళ్లీ కూర్చోబెడితే డబ్బా అడుగు నిండింది. ఇంత తతంగం ఎందుకంటే చర్మం మీద ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులు కలిస్తే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. డైపర్ వయసు పిల్లలకి సంచీ అంటించి పట్టిన శాంపిల్‌తో ఈ తంటా మరీ ఎక్కువ. అందుకే ఆ వయసులో కచ్చితంగా తేల్చాలంటే సన్నటి గొట్టం వేసి తీస్తారు.

యూరిన్‌లో ముంచి రంగు చూసే స్ట్రిప్ టెస్టులో తెల్లకణాలు కొద్దిగా కనిపించాయి, నైట్రైట్ లేదు. నైట్రైట్ లేకపోతే ఇన్ఫెక్షన్ లేనట్టేనా అని అడిగాను. అలా అనుకోవడానికి లేదట. మూత్రం ఒంట్లోని మూత్రసంచిలో (బ్లాడర్) కొన్ని గంటలు నిలిస్తేనే బాక్టీరియా నైట్రైట్ తయారు చేస్తుంది. మాటిమాటికీ పోసే పిల్లల్లో అంత వ్యవధి దొరకదు. కాబట్టి కల్చర్, అంటే శాంపిల్‌లో బాక్టీరియా పెరుగుతుందేమో ల్యాబులో చూసే పరీక్ష, చేయించాల్సిందే. దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, జ్వరం లేదు కనక ఆగొచ్చు అన్నారు. మా ఆయనకి ఆ ఆగడం నచ్చలేదు. నిజం చెప్పాలంటే, పిల్ల ఏడుస్తుంటే నాకూ నచ్చలేదు.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు.

అప్పుడు స్నానం గురించి అడిగారు. వారంలో చాలా రోజులు టబ్బు నిండా నురుగు, వేళ్ల చివర్లు ముడతలు పడేదాకా అందులోనే ఆట, చివర్లో అదే నీళ్లలో తలకి షాంపూ. డాక్టరమ్మ తల ఊపి, "చూడమ్మా, ఆ నురుగిచ్చేది డిటర్జెంటే" అన్నారు. సోడియం లారెల్ సల్ఫేట్ లాంటివి మురికితో పాటు చర్మం మీది సహజమైన జిడ్డుని కూడా లాగేస్తాయి. ఈ వయసు ఆడపిల్లల్లో ఆ చోట చర్మం బాగా పలచన. ఈస్ట్రోజన్ హార్మోను వచ్చే వయసుకి గాని దానికి మందం రాదు. అంత నాజూకు చర్మం అరగంట డిటర్జెంటు నీళ్లలో నానితే కందిపోతుంది, మూత్రనాళం మొదలు కూడా కందుతుంది. ఆ పుండు లాంటి చోట మూత్రం తగిలితే మంట. చూడ్డానికి అచ్చం ఇన్ఫెక్షన్ లాగే ఉంటుంది, లోపల మాత్రం బాక్టీరియా ఉండదు. యాంటీబయాటిక్ ఇచ్చినా దానికి చేసేదేమీ ఉండదు.

ఇంటికొచ్చాక సీసా తిప్పి చూశాను. కళ్లు మండవు అని ముందువైపు పెద్దక్షరాల్లో ఉంది. కళ్లు మండకపోవచ్చు, కింద మండదని దానర్థం కాదు కదా. అమెరికాలో అయితే నురుగు స్నానం సరుకుల మీద, ఎక్కువగా వాడినా ఎక్కువసేపు ఉన్నా చర్మానికీ మూత్రమార్గానికీ చికాకు కలగొచ్చని హెచ్చరిక వేయాలన్న నియమమే ఉంది. సీసా వెనక చిన్నక్షరాలు చదివే ఓపిక ఎవరికుంటుందనేది వేరే సంగతి.

ఆ మంటకి వైద్యం మందులతో కాదు, మానేయడంతోనే. నురుగు బంద్. మామూలు నీళ్లతో, తొందరగా ముగిసే స్నానం. ఆ చోట సబ్బు అసలు వద్దు, నీళ్లు చాలు. షాంపూ చివర్లో నిలబెట్టి, ఆ నీళ్లలో మళ్లీ కూర్చోకుండా. ఆరాక పలచగా వాజలీన్. వదులుగా ఉండే నూలు బట్టలు. వారం తిరక్కుండానే ఎరుపు పోయింది. ఇక్కడితో అయిపోయిందనుకున్నాం.

అవలేదు. చర్మం మానింది గాని పాప పాస్‌కి వెళ్లడం మానేసింది. పొద్దున లేచాక ఒకసారి, మళ్లీ మధ్యాహ్నం ఎప్పటికో. అడిగితే "రావట్లేదు" అనేది. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి గొంతుక్కూర్చుని, ఒక మడమ సరిగ్గా కిందకి నొక్కిపెట్టి, ముఖం బిగించి కదలకుండా ఉండిపోయేది. కాసేపటికి లేచి మళ్లీ ఆట. అదేదో ఆటలో భాగం అనుకునేలా ఉండేది. ఆ మడమ పెట్టడం వస్తున్న పాస్‌ని ఆపుకోవడానికేనని, పిల్లలు చాలామంది అచ్చం అలాగే చేస్తారని తర్వాత తెలిసింది. ఒకసారి మండిన చోటికి మళ్లీ వెళ్లాలంటే పెద్దవాళ్లకే బెదురు, నాలుగేళ్ల పిల్లకి చెప్పాలా. పాస్‌తో పాటు దొడ్డికి వెళ్లడం కూడా వాయిదా వేసేది. రెండు మూడు రోజులకోసారి, అదీ గట్టిగా.

ఒక రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది. దగ్గు లేదు, జలుబు లేదు. కడుపు నొప్పంటూ వాంతి చేసుకుంది. చెడ్డీ తడిగా ఉంది, వాసన వేరేగా ఉంది. ఈసారి స్ట్రిప్ మీద తెల్లకణాలూ నైట్రైటూ రెండూ ముదురు రంగులో తేలాయి. జ్వరం ఉంది కాబట్టి కల్చర్‌కి పంపి, దాని కోసం ఆగకుండా అప్పుడే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. జ్వరంతో వచ్చిన ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్లి ఉండొచ్చు, ఆలస్యమైతే అక్కడ మచ్చ పడే ప్రమాదం ఉంది. మందు పడ్డాక రెండు రోజుల్లో జ్వరం దిగకపోయినా, తాగింది తాగినట్టు కక్కుకున్నా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ రెండు రోజులూ థర్మామీటరు నా చేతిలోనే ఉంది. జ్వరం దిగింది. కల్చర్‌లో ఇ. కోలి అనే బాక్టీరియా, మిల్లీలీటరుకి లక్షకి పైగా. మేం వాడుతున్న మందుకి అది లొంగుతుందని రిపోర్టులో వచ్చింది కనక మందు మార్చలేదు. చెప్పినన్ని రోజులూ వేశాం.

పిల్లల్లో వచ్చే యూరిన్ ఇన్ఫెక్షన్లలో అత్యధికం ఈ ఇ. కోలి పనే. అది సీసాలోంచి రాదు. మన పేగుల్లోనే ఉంటుంది. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిది, మలద్వారానికి దగ్గర, కాబట్టి లోపలికి పాకడం తేలిక. ఎప్పటికప్పుడు పాస్ పోస్తుంటే పాకినవి పాకినట్టే కొట్టుకుపోతాయి. ఆపుకుంటే ఆ నిలవ నీటిలో పెరుగుతాయి. నురుగు బాక్టీరియాని మోసుకొస్తుందని తేల్చిన గట్టి ఆధారాలు లేవు. మా విషయంలో అది చేసిందల్లా మంట పుట్టించడం. మంట పిల్లకి భయం నేర్పింది. మిగతాది భయం చేసింది. అందుకే బబుల్ బాత్ మానేస్తే చాలు ఇన్ఫెక్షన్లు రావని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. బబుల్ బాత్‌తో ఏమీ కాదన్నా ఒప్పుకోను.

ఇదంతా నాకు స్పష్టంగా అర్థమైంది స్కానింగ్ గదిలో. కిడ్నీలు బాగున్నాయి. ఆ తర్వాత పాపని పాస్‌కి పంపి, వచ్చాక మళ్లీ పొట్ట మీద పెట్టి చూశారు. సంచి ఖాళీ అయి ఉండాలి, కానీ తెర మీద ఇంకా నల్లగా మూత్రం కనిపిస్తోంది. దాని వెనక పెద్దగా ఉబ్బి ఉన్నది చూపించి, "ఇది మలం, సంచిని ఇలా నొక్కుతోంది" అన్నారు. నేను పాప కడుపు నొప్పిని జ్వరం ఖాతాలో వేశాను, అసలు మలబద్ధకం సంగతి ఇక్కడిదాకా వస్తుందని ఊహలో లేదు.

కోలుకోవడం నెలల వ్యవహారం అయింది. యాంటీబయాటిక్ అయిపోయినా మలం మెత్తబడే మందు కొనసాగింది. తేలిగ్గా వెళ్తోంది కదా అని నాలుగు రోజులకే ఆపేయొద్దని మరీ మరీ చెప్పారు. సాగిన పేగు మామూలుకి రావడానికి టైం పడుతుంది. రెండు మూడు గంటలకోసారి, వచ్చినా రాకపోయినా, పాస్‌కి వెళ్లాలి. "వస్తోందా?" అని అడిగితే "రావట్లేదు" అనే అంటుంది కాబట్టి అడగడం మానేసి, "పద, టైమైంది" అనడం మొదలుపెట్టాను. కాళ్ల కింద పీట, మోకాళ్లు దూరంగా. గాల్లో కాళ్లు వేలాడుతుంటే కింది కండరాలు బిగుసుకుంటాయి, సంచి పూర్తిగా ఖాళీ కాదు. పోశాక లేవకుండా పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ ఒకసారి ప్రయత్నించడం. అంకెలు లెక్కపెట్టడం తనకి బాగా నచ్చింది, ఒక్కోసారి యాభై దాకా వెళ్లేది. తుడవడం ముందు నుంచి వెనక్కి, ఇది ముందు నుంచీ అలవాటే. బడిలో టీచరుకి చెప్పి, అడిగిన వెంటనే పంపే ఏర్పాటు చేసుకున్నాం. అడగకపోయినా పంపమని ఇంకోసారి వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

మడమ మీద కూర్చోవడం ముందు పోయింది. "మంట వస్తుందా?" అని కూర్చునే ముందు అడగడం చాలా తర్వాత పోయింది. మధ్యలో ఒకసారి వాళ్ల నాన్న విసుక్కుంటే మళ్లీ రెండ్రోజులు ఆపుకుంది. అప్పటి నుంచి ఆ డ్యూటీ నాదే.

రోజూ వేసే నివారణ మందు కావాలా అని అడిగాం. ఒక్క ఇన్ఫెక్షనే, స్కానింగ్ బాగుంది, అక్కర్లేదన్నారు. మూడు నెలల లోపు పసిపిల్లలకి ఏ జ్వరమొచ్చినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి, మా పాప వయసులో మాత్రం దగ్గూ జలుబూ లేకుండా జ్వరం వస్తే ఒక రోజులోపు యూరిన్ చూపించమన్నారు. ఆ తర్వాత ఒకసారి అలాంటి జ్వరమే వచ్చింది. డబ్బా పట్టుకుని మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాను. గోడ వైపు తిరిగి కూర్చోవాలని ఈసారి తనే నాకు చెప్పింది. రిపోర్టులో ఏమీ లేదు, మామూలు వైరల్ జ్వరం.