ఓబర్‌గుర్గల్‌లో హోటలు వాళ్లు

మా నాన్న నరసరావుపేటలో ముప్ఫయ్యేళ్లు టిఫిన్ హోటలు నడిపారు. అందుకే ఎక్కడ దిగినా నా చూపు ముందు వంటగది తలుపు మీదికే పోతుంది. మొన్న ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని ఓబర్‌గుర్గల్‌కి స్కీయింగ్ నేర్చుకుందామని వెళ్లినప్పుడూ అంతే.

మేముండేది మ్యూనిక్‌లో. అక్కణ్నించి ఇన్స్‌బ్రుక్‌కి రెండు గంటల లోపే రైలు. ఇంకో రైలెక్కి ఓట్స్‌టాల్ స్టేషన్లో దిగితే బస్సు. అది లోయ పొడవునా ఎక్కుతూ, సోల్డెన్ అనే సందడి ఊరు దాటి, ఇంకా పైకి పోయి, 1,900 మీటర్లు దాటాక ఒక చర్చి, దాని చుట్టూ హోటళ్లు ఉన్న చోట ఆగుతుంది. ఇటలీ వైపు పోయే టిమ్మెల్స్‌యోఖ్ కనుమను చలికాలమంతా మూసేస్తారు. కాబట్టి ఆ నెలల్లో దారి అక్కడితో సరి.

మేం దిగిన హోటల్లో గదులు ముప్ఫైకి మించవు. ఒకే కుటుంబం, మూడో తరం. బస్సు దగ్గరికొచ్చి మా సూట్‌కేసులు మోసినాయన పనివాడనుకున్నాను. రాత్రి అదే మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని సూప్ పట్టుకొచ్చాడు. పొద్దున ఆరింటికి కిటికీలోంచి చూస్తే వాకిట్లో పారతో మంచు తోస్తున్నదీ ఆయనే. ఓనరు ఆయనేనని అప్పటికి నిర్ధారణ అయింది. భార్య రిసెప్షన్లో, తమ్ముడు వంటలో. వాళ్ల పాప రిసెప్షన్ బల్ల చివర హోంవర్క్ చేసుకునేది. గల్లాపెట్టె పక్కన కూర్చుని ఎక్కాలు రాసినవాణ్ని, నాకదేం వింత?

అక్కడ హాఫ్ బోర్డ్ పద్ధతి. పొద్దున టిఫినూ, రాత్రి భోజనమూ అద్దెలోనే. మొదటిరోజు ఇచ్చిన టేబులే వారమంతా మనది. ఆ రాత్రి వేడివేడి సూప్‌లో సన్నగా తరిగిన దోసె ముక్కల్లాంటివి తేలుతూ వచ్చాయి. గుడ్డూ మైదా కలిపి పోసిన అట్టు ముక్కలవి. ఫ్రిటాటెన్ అంటారు. మా ఆవిడ చెంచా ముంచేలోపు ఓనరు పరుగున వచ్చి, "ఆగండి, ఇది గొడ్డు మాంసం ఉడికించిన నీళ్లు" అని గిన్నె తీసేశాడు. బుకింగ్‌లో 'ఒకరు శాకాహారి' అని ఒక్క ముక్క రాశామంతే. మర్నాటి నుంచి ఆవిడకి వేరే గిన్నెలో కూరగాయల సూప్. గుడ్డు తింటుంది కాబట్టి బతికింది కానీ, లేకపోతే ఆ కొండల్లో కష్టమే. గుడ్డూ మైదాతో చేసే నూడుల్స్ లాంటి ష్పెట్స్‌లెలో చీజ్ కలిపి పెడితే, దాంతోనే మూడు రాత్రులు గడిచాయి.

స్కీయింగ్ గురించి గొప్పగా చెప్పుకోడానికేం లేదు. ఆ బూట్లతో మెట్లు దిగడమే ఒక విద్య. స్కీలు ముందు మొనలు కలిపి త్రికోణంగా పెడితే ఆగుతాం. దాన్ని పిల్లలకి 'పిజ్జా' అని నేర్పుతారు. రెండూ సమానంగా పెడితే 'ఫ్రెంచ్ ఫ్రైస్', దూసుకుపోతాం. మా అమ్మాయికి రెండో రోజుకే పట్టుబడింది. నేను పిజ్జా వేయాల్సిన చోట ఫ్రెంచ్ ఫ్రైస్ వేసి, అంచున కట్టిన వలలో పడ్డాను. సాయంత్రం స్కీ గదిలో వేడిగాలి వచ్చే గొట్టాలకి బూట్లు బోర్లించి, ఇక అటువైపు చూడలేదు.

నాలుగోరోజు తెల్లవారుజామున ధన్ ధన్‌మని చప్పుళ్లు. ఉలిక్కిపడి లేచాం. రాత్రంతా కురిసిన మంచు తనంతట తాను విరుచుకుపడకముందే పేలుళ్లతో దించేస్తున్నారట. లిఫ్టులు ఆపేశారు, లోయ రోడ్డూ మూసేశారు. నాకు టెన్షన్. ఓనరు మాత్రం వేళ్లమీద ఏదో లెక్కేసుకుని, "పాలు ఎల్లుండి దాకా వస్తాయి" అన్నాడు. అచ్చం మా నాన్న! బంద్ అనగానే ఆయనకీ ముందు గుర్తొచ్చేది పాలే.

ఆ రోజంతా పైన్ జాతి చెక్కతో గోడలు తాపడం చేసిన గదిలోనే కూర్చున్నాం. త్సిర్బె అంటారా చెట్టుని. చెక్కకి ఎన్నేళ్లయినా కమ్మటి వాసన పోదు. ఓనరు తండ్రి ఊరి సంగతులు చెప్పాడు. 1931 మే 27న ఓగుస్త్ పికార్ అనే శాస్త్రవేత్త, ఆయన సహాయకుడు బెలూన్ కింద వేలాడే గోళంలో కూర్చుని దాదాపు 15,780 మీటర్ల ఎత్తుకి వెళ్లారు. అంత పైకి అప్పటిదాకా ఎవరూ పోలేదు. జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్‌లో బయల్దేరినవాళ్లు ఈ ఊరి పైనున్న హిమానీనదం మీద దిగారు. దాంతో పశువులు మేపుకునే ఈ ఊరి పేరు పేపర్లకెక్కింది. "అప్పుడు మా ఇంట్లో గదులకంటే ఆవులే ఎక్కువ" అన్నాడు పెద్దాయన.

ఆ రాత్రి ఫోన్ చార్జర్ మర్చిపోయానని తొమ్మిదిన్నరప్పుడు కిందికి దిగాను. భోజనాల హాల్లో దీపాలు సగం ఆర్పేశారు. వంటగది పక్క మూల టేబుల్ దగ్గర కుటుంబమంతా అప్పుడు తింటున్నారు. మిగిలిన బంగాళదుంపలు, పొద్దుటి బ్రెడ్డు. ఓనరు బూట్లు విప్పేసి, కాళ్లు పక్క కుర్చీ మీద చాపుకున్నాడు. నన్ను చూసి లేవబోతే, వద్దని చెయ్యూపి వెనక్కి వచ్చేశాను. చార్జర్ పొద్దున తీసుకున్నా.

రోడ్డు మరో రోజుకి తెరిచారు. ఇంటికొచ్చాక నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పాను. కొండలూ, మంచూ, బెలూనూ విని ఊఁ కొట్టారు.

"పనివాళ్లు నిలబడుతున్నారట్రా?"

"హంగరీ నుంచి వస్తారు నాన్నా. సీజన్ అయ్యాక వెళ్లిపోతారు."

"రాత్రి వాళ్ల భోజనాలు ఎన్నింటికన్నావ్?"

"తొమ్మిదిన్నరకి."

"అదృష్టవంతులు" అన్నారు.