నీళ్ళు పోసిన చోట

ముక్కోటి ఏకాదశి ఉపవాసం అయ్యాక, ద్వాదశి పొద్దున మా పెరంబూరు ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పారణకు కూర్చునే ముందు అమ్మ పోతన భాగవతం నవమ స్కంధం తీసి రంతిదేవుడనే రాజు కథ చదువుతుంది. ద్వాదశి పారణ అనగానే అందరికీ అంబరీషుడు గుర్తొస్తాడు. ఆయన కథ కూడా ఆ స్కంధంలోనే ఉంది. కానీ అమ్మకు రంతిదేవుడే కావాలి. "మనం ఒక్క రోజు మాని ఇంత నీరసపడుతున్నాం, ఆ తండ్రి 48 రోజులు ఉన్నాడమ్మా" అంటుంది.

ఆ మర్నాడు ఆయనకు కాస్త అన్నం, నెయ్యి, పాయసం, నీళ్ళు దొరికాయి. ఆలుబిడ్డలతో తినబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు వచ్చాడు, పెట్టాడు. ఒక శూద్రుడు వచ్చాడు, పెట్టాడు. కుక్కల్ని వెంటబెట్టుకుని ఇంకొకడు వచ్చాడు, మిగిలినదంతా పెట్టేశాడు. ఒక మనిషి గొంతు తడుపుకునేపాటి నీళ్ళు మిగిలాయి. అవి తాగబోతుంటే ఒక పుల్కసుడు వచ్చి దాహం అన్నాడు. అప్పుడు రాజు అన్న మాట ఇది:

అన్నము లేదు కొన్ని మధురాంబువు లున్నవి త్రావు మన్న! రా
వన్న! శరీరధారులకు నాపద వచ్చిన వారి యాపదల్
గ్రన్నన మాన్చి వారికి సుఖంబులు చేయుటకన్న నొండు మే
లున్నదె? నాకు దిక్కు పురుషోత్తముఁ డొక్కఁడ చుమ్ము పుల్కసా!

ఊరంతా దూరం పెట్టే మనిషిని రాజు "రావన్నా" అని పిలుస్తున్నాడు. సంస్కృత మూలంలో ఈ అన్న పిలుపు లేదు, పోతన తెచ్చిపెట్టాడు. అన్నం లేనప్పుడు అన్నా అన్న పిలుపయినా ఉండాలని ఆయనకు తోచిందేమో! తర్వాత "శరీరధారులకు" అన్నాడు. భక్తులకు, మనవాళ్ళకు, మంచివాళ్ళకు అనలేదు. ఒంటి మీద ప్రాణం ఉంటే చాలు. ఇక "గ్రన్నన". అంటే వెంటనే, క్షణం ఆలస్యం లేకుండా. నేను ఎక్కువగా ఆగిపోయేది ఈ మాట దగ్గరే. ఎందుకో చెప్పాలి.

2006లో నేను చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండి వైపు ఒక బళ్ళో తెలుగు టీచరుగా ఉన్నాను. అక్కడికి దగ్గర్లోనే శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరం. 1983 జూలైలో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన మారణకాండ తర్వాత పడవల్లో రామేశ్వరం తీరానికి రావడం మొదలైన జనం, యుద్ధం ముదిరినప్పుడల్లా మళ్ళీ వస్తూనే ఉన్నారు. 2006లోనూ అలాగే వచ్చారు. రామేశ్వరం దగ్గరి మండపం అనే ఊళ్ళో దింపి, పేర్లు రాసుకుని, రాష్ట్రంలోని శిబిరాలకు పంపేవారు. అలా వచ్చిన ఒక చిన్నపిల్ల మా బళ్ళో చేరింది. ఎనిమిదేళ్ళుంటాయి. పిల్లలందరూ గుమ్మం బయట చెప్పులు విడిచి వస్తే ఆ పిల్ల మాత్రం తన చెప్పుల్ని సంచిలో, పుస్తకాల పక్కన పెట్టుకునేది. నీలం రంగు రబ్బరు చెప్పులు. ఒకదానికి పట్టీ ఊడిపోతే పిన్నీసు పెట్టి ఉంది. సరస్వతీ స్వరూపాల పక్కన చెప్పులేమిటని గట్టిగా కోప్పడ్డాను. ఆ పిల్ల ఏడవలేదు. "ఓడ వేణుమే టీచర్" అంది. పరుగెత్తాల్సి వస్తే ఎలా, అని.

ఆ రోజంతా నేను పాఠం చెప్పలేకపోయాను. ఏ పక్షం వాడు పేల్చాడో, ఎవరి వాదంలో న్యాయం ఉందో ఆ పిల్లకేం తెలుసు? తెలిసింది ఒక్కటే, కాళ్ళకు చెప్పులుండాలని. మర్నాడు నేనే ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చి, చెప్పులు అందులో వేసి బెంచీ కింద పెట్టుకోమన్నాను. అంతకన్నా ఏం చెయ్యాలో నాకప్పుడు తెలియలేదు.

ఆ శిబిరాల వాళ్ళకోసం పనిచేసిన వాళ్ళలో ఓఫర్ అనే సంస్థ ఉంది. 1984లో మద్రాసులో ఆ శరణార్థులే పెట్టుకున్నారు. పిల్లల చదువు, తల్లుల ఆరోగ్యం వాళ్ళే చూసుకున్నారు. రంతిదేవుడు కూడా ఆకలి తీరాక పెట్టినవాడు కాదు కదా! 2021లో తమిళనాడు ప్రభుత్వం ఆ శిబిరాల పేరును పునరావాస శిబిరాలని మార్చింది. పేరు మారింది గానీ, అక్కడే పుట్టి, పెళ్ళాడి, బిడ్డల్ని కన్నవాళ్ళలో చాలామందికి ఇంకా పౌరసత్వం లేదు. నాకది బాధ.

"శరీరధారులకు" అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఇంగ్లండుకు చెందిన ఎగ్లాంటైన్ జెబ్ కూడా గుర్తొస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం ఆగిపోయినా దిగ్బంధం వల్ల జర్మనీ, ఆస్ట్రియాల్లో పసిపిల్లలు తిండిలేక చిక్కిపోతుంటే, 1919లో లండన్ వీధుల్లో ఆ పిల్లల బొమ్మలున్న కరపత్రాలు పంచిందావిడ. శత్రువు బిడ్డలకు పాలా అని జనం మండిపడ్డారు. అరెస్టు చేశారు, అయిదు పౌండ్లు జరిమానా వేశారు. ఆ జరిమానా డబ్బు ఆమె మీద వాదించిన ప్రభుత్వ న్యాయవాదే ఇచ్చాడంటారు. ఆ ఏడాదే ఆమె చొరవతో సేవ్ ద చిల్డ్రన్ అనే పిల్లల సహాయ సంస్థ మొదలైంది. ఆ తల్లి పోతనను చదివి ఉండదు. అయినా ఆ పద్యాన్ని బతికింది.

ఇప్పుడు సహాయ శిబిరాల్లో అయిదేళ్ళలోపు పిల్లల జబ్బ చుట్టూ ఒక రంగుల పట్టీ చుట్టి చూస్తారు. కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, ఆ బిడ్డ ప్రాణాపాయంలో ఉన్నట్టు. ఒకసారి అంత కొలతకు కాగితం కత్తిరించి గుండ్రంగా చుట్టి చూశాను. బారసాలనాడు పసిబిడ్డకు తొడిగే గాజంత ఉంది. మూడేళ్ళు, నాలుగేళ్ళు వచ్చిన పిల్లల జబ్బ అందులో పట్టేస్తుందంటే ఆ కాగితాన్ని చేతిలో ఉంచుకోలేకపోయాను. అలాంటి పిల్లలకు వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన 92 గ్రాముల పొట్లం ఇస్తారు. వండక్కర్లేదు, నీళ్ళు కలపక్కర్లేదు, చించి నోటికందిస్తే చాలు, 500 కేలరీలు. మన పల్లీ ఉండకు దగ్గరి చుట్టమే. సూడాన్‌లో యుద్ధం వల్ల ఇళ్ళు విడిచినవాళ్ళు తలదాచుకున్న జమ్‌జమ్ శిబిరంలో కరువు వచ్చిందని 2024 ఆగస్టులో నిపుణులు తేల్చి చెప్పారు. వేరుశనగ పొట్లం ఉంది, తినాల్సిన బిడ్డ ఉంది, మధ్యలో తుపాకులు పట్టుకున్నవాళ్ళు దారి కాశారు. గ్రన్నన అన్న మాట అక్కడ తెగిపోయింది. బిడ్డ ఆకలి రాజీ చర్చలు ముగిసేదాకా ఆగదు.

ఈ ఏడు మా భజన మండలిలో అందరం ఒక మాట అనుకున్నాం. ద్వాదశి విందుకు పెట్టే ఖర్చులో సగం శిబిరం పిల్లల పరీక్ష ఫీజులకు, మిగతా సగం యుద్ధంలో చిక్కుకున్న పిల్లల తిండికి పంపాలని. పులిహోర, చక్కెర పొంగలి కాస్త తగ్గాయి. ఎవరూ నొచ్చుకోలేదు.

కథ చివర దేవతలు ప్రత్యక్షమవుతారు. రంతిదేవుడు వాళ్ళకు మొక్కి, ఏ వరమూ కోరకుండా ఊరుకుంటాడు. అమ్మ అక్కడిదాకా ఎప్పుడూ చదవదు. పుల్కసుడి పాత్రలో నీళ్ళు పోసిన చోటే పుస్తకం కళ్ళకద్దుకుని మూసేసి, వాకిట్లో ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మని నా చేతికి చెంబు ఇస్తుంది.